పట్టు వదిలే పూత: సెల్లు అద్దం మీద వేలిముద్రల రసాయనం

తిరుమలలో దర్శనం ముగిసింది. కౌంటర్లో అప్పగించిన సెల్లు ఒక చేతికి, లడ్డూ కవరు ఇంకో చేతికి వచ్చాయి. ఓ ముక్క తుంచి నోట్లో వేసుకుని, అదే చేత్తో కింద బస్టాండులో ఎదురుచూస్తున్న వాళ్లకు ఫోన్ కలుపుతారు. బొటనవేలి అచ్చు గీతలతో సహా నెయ్యిలో దిగుతుంది. కొత్త సెల్లయితే మెత్తటి గుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు. రెండేళ్లు వాడిన సెల్లయితే ఆ నెయ్యి పోదు, ఇక్కడి నుంచి అక్కడికి పాకుతుంది. ఎండలో చూస్తే రంగురంగుల చారికలు కనిపిస్తాయి.

రెండింటి అద్దమూ ఒకటే, నెయ్యీ ఒకటే. తేడా అంతా అద్దం పైనున్న పూతలో ఉంది. దాని మందం సుమారు 10 నానోమీటర్లు (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు). 15 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల వెడల్పున్న స్క్రీను మీద ఆ పూత మొత్తాన్ని గీకి తూస్తే 0.2 మిల్లీగ్రాములు తూగుతుంది. ఆవగింజ బరువులో చిన్న వంతే. ఫోన్ల మీద ఈ పూత గురించి జనం మాట్లాడుకోవడం 2009లో ఐఫోన్ 3జీఎస్‌తో మొదలైంది. ఇప్పుడు బడ్జెట్ ఫోన్ల దాకా వచ్చింది. దాన్ని "వేలిముద్రలు పడనివ్వని పూత" అని అమ్ముతున్నారు. ఆ మాట సరైంది కాదు. వేలిముద్ర పడకుండా ఆపగల నున్నటి పూత ఏదీ లేదు. పడిన ముద్రను పట్టుకోకుండా వదిలేయడమే ఈ పూత పని. ఈ తేడా తెలిస్తే పూతను ఎలా వేస్తారు, ఎందుకు పోతుంది, ఎలా తుడవాలి అన్న మిగతా సంగతులన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ముందు ముద్ర సంగతి. వేలి కొసల్లో చెమట గ్రంథులు కిక్కిరిసి ఉంటాయి గానీ నూనె గ్రంథులు అసలు ఉండవు. చెమటలో 98 శాతానికి పైగా నీళ్లే. మిగిలింది ఉప్పు, యూరియా, లాక్టేటు, అమైనో ఆమ్లాలు. మరి జిడ్డు ఎక్కడిది? ముఖం తుడుచుకున్నప్పుడు, జుట్టు సర్దుకున్నప్పుడు వేళ్లకు అంటుకున్నదే. ముఖం జిడ్డులో ట్రైగ్లిజరైడ్లు, మైనపు ఎస్టర్లు, కొవ్వు ఆమ్లాలు, స్క్వాలీన్ ఉంటాయి. వీటికి తలకు రాసుకున్న కొబ్బరినూనె, లడ్డూ నెయ్యి, ఉగ్గాణి మీది నూనె తోడవుతాయి. అద్దం మీద పడగానే నీరు ఆరిపోతుంది. నూనె మాత్రం మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సైజు బొట్లుగా, వేలి గీతల వెంబడి వరుసగా మిగులుతుంది. ఈ బొట్లు కాంతిని చెదరగొడతాయి. స్క్రీను ఆపేసినప్పుడు నల్లటి అద్దం మీద ముద్ర తెల్లగా తేలడం అందుకే.

పూత లేని అద్దం ఆ నూనెను ఎందుకంత గట్టిగా పట్టుకుంటుంది? అద్దం పైపొరలో సిలికాన్‌కు అతుక్కున్న హైడ్రాక్సిల్ గుంపులు ఉంటాయి. వీటిని సిలనాల్స్ అంటారు. పూర్తిగా తడిసిన సిలికా (అద్దానికి ముడిసరుకు) మీద చదరపు నానోమీటరుకు దాదాపు 5 ఉంటాయి. ఇవి దగ్గరికి వచ్చిన ప్రతిదాన్నీ లాక్కుంటాయి. బాగా కడిగిన అద్దం మీద నీటిబొట్టు నిలవదు, పల్చటి పొరలా పరుచుకుంటుంది. నూనె సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇక్కడ కొంచెం లెక్క వేయాలి. ఈ అంశంలో అన్నిటికంటే పనికొచ్చే లెక్క ఇదే. ఘనపదార్థం మీద ద్రవపు బొట్టు ఎంత కోణంలో కూర్చుంటుందో దాన్ని స్పర్శకోణం అంటారు. థామస్ యంగ్ 1805లో చెప్పిన సూత్రం దీనికి పునాది. కోణం 90 డిగ్రీలు దాటితే ఆ ఉపరితలం ద్రవాన్ని దూరం పెడుతోందని, తగ్గితే తడుస్తోందని అర్థం. ద్రవం తన పైపొరను బిగించి ఉంచే బలాన్ని తలతన్యత అంటారు. నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. నూనెలు, కరిగిన నెయ్యి 30 చుట్టుపక్కల ఉంటాయి. ఫోన్ పూతను ఫ్లోరిన్ ఉన్న పదార్థంతో చేస్తారు. మంచి ఫ్లోరిన్ పూత ఉపరితల శక్తి, అంటే దగ్గరికి వచ్చినదాన్ని లాక్కునే బలం, అదే కొలతలో 15 దాకా దిగుతుంది. నూనెల విషయంలో ఉజ్జాయింపు లెక్క ఇలా వేయొచ్చు: పూత శక్తిని నూనె తలతన్యతతో భాగించండి, వర్గమూలం తీయండి, రెండుతో గుణించి ఒకటి తీసేయండి. వచ్చింది స్పర్శకోణపు కొసైన్. 15ను 30తో భాగిస్తే 0.5. వర్గమూలం 0.707. రెండింతలు చేసి ఒకటి తీసేస్తే 0.414. అంటే కోణం 65 డిగ్రీలు. ప్రయోగశాలలో ఇలాంటి పూతల మీద నూనె బొట్లు చూపించే కోణం కూడా 65, 70 డిగ్రీల దగ్గరే. మరి ఇంకా మంచి పదార్థం దొరికితే? కార్బన్‌కు మూడేసి ఫ్లోరిన్లున్న గుంపులను అతి దగ్గరగా పేర్చినప్పుడు వచ్చిన 6.7 అనే విలువే నున్నటి ఉపరితలాలకు దాదాపు అడుగు హద్దు. దాన్ని లెక్కలో పెట్టినా నూనె కోణం 93 డిగ్రీలే. ప్రపంచంలో అన్నిటికంటే తక్కువ శక్తి ఉన్న నున్నటి ఉపరితలం కూడా నూనె దగ్గర 90 డిగ్రీల గీత మీద నిలబడుతుందంతే.

తామరాకు మీద నీటిబొట్టు అంటీముట్టనట్టు దొర్లుతుంది కదా, అలా చేయొచ్చుగా అనిపిస్తుంది. తామరాకు గొప్ప మైనంలో మాత్రమే లేదు, మైక్రాన్ల సైజు బుడిపెల్లోనూ ఉంది. వాటి మధ్య చిక్కిన గాలి మీద బొట్టు తేలుతుంది. సెల్లు అద్దానికి ఆ ఏర్పాటు కుదరదు. వేలు నొక్కినప్పుడల్లా జిడ్డు ఆ గుంతల్లోకి దిగిపోతుంది, మళ్లీ బయటికి రాదు. బుడిపెలు అరుగుతాయి. పైగా అవి కాంతిని చెదరగొట్టి బొమ్మను మసకబారుస్తాయి. తాకే తెర నున్నగా ఉండాల్సిందే.

కాబట్టి కోణం ఎంత అన్నదానికంటే జిడ్డు ఎంత తేలిగ్గా కదులుతుందన్నది ముఖ్యం. బొట్టును పక్కకు తోస్తే ముందు అంచు ఒక కోణంలో సాగుతుంది, వెనక అంచు ఇంకో కోణంలో వెనక్కి తగ్గుతుంది. ఈ రెండిటి మధ్య తేడా తక్కువైతే బొట్టు ఏమాత్రం వంచినా జారుతుంది. తేడా ఎక్కువైతే వెనక అంచు అతుక్కుపోయి తోకలా చారిక మిగులుతుంది. పూత చేసేవాళ్లు ఏళ్ల తరబడి కుస్తీ పట్టింది ఈ తేడాతోనే.

తల, తోక

పూత అణువు పేరు పర్‌ఫ్లోరోపాలీఈథర్ సైలేన్. పలకడానికి కష్టమే గానీ చూడటానికి సులువు. పొడవాటి తోక, ఒక కొసన గట్టి తల.

తోకలో కార్బన్ల మీద హైడ్రోజన్లు ఉండాల్సిన చోటల్లా ఫ్లోరిన్లు ఉంటాయి. ఫ్లోరిన్ తన ఎలక్ట్రాన్లను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి పక్క అణువులతో దానికి సంబంధం చాలా తక్కువ. నూనెతోనూ కలవదు, నీటితోనూ కలవదు. అయితే వంటింటి నాన్‌స్టిక్ పాన్ మీది టెఫ్లాన్‌లోనూ కార్బన్, ఫ్లోరినే ఉన్నాయి. దాన్నే ఎందుకు వాడరు? టెఫ్లాన్ గొలుసు కర్రలా బిగుసుకుని స్ఫటికాలు కడుతుంది. పర్‌ఫ్లోరోపాలీఈథర్‌లో ఒకటి రెండు మూడు కార్బన్లకోసారి ఆక్సిజన్ వస్తుంది. ఆ ఆక్సిజన్ దగ్గర గొలుసు మడత బందులా సులువుగా తిరుగుతుంది. తిన్నటి గొలుసు రకాలు సున్నా కింద 100 డిగ్రీలు దాటినా గడ్డకట్టకుండా కదులుతూనే ఉంటాయి. అంటే అద్దం మీద ఉన్నది గట్టి పొర కాదు. ఒక కొస అద్దానికి పాతుకుని, మిగతాదంతా ద్రవంలా ఊగే వెంట్రుకల చాప. జిడ్డు బొట్టు అంచు ఎక్కడా చిక్కుకోదు. కొత్త సెల్లు మీద వేలు వెన్నలా జారేదీ ఇందుకే.

తల పని దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ ఒక సిలికాన్‌కు మూడు మెథాక్సీ గుంపులు ఉంటాయి. గాలిలోని తేమ తగలగానే మెథాక్సీలు మెథనాల్‌గా ఊడిపోయి వాటి స్థానంలో హైడ్రాక్సిల్స్ వస్తాయి. ఈ హైడ్రాక్సిల్స్, అద్దం మీది సిలనాల్స్ చేతులు కలిపి ఒక నీటి అణువును బయటికి పంపుతాయి. మిగిలేది సిలికాన్-ఆక్సిజన్-సిలికాన్ బంధం. అద్దం లోపల అద్దాన్ని పట్టి ఉంచే బంధమూ ఇదే. దేన్నీ అంటనీయని తోకకు ఒక్కచోట మాత్రం విడవని పట్టు దొరుకుతుంది. పూత బతుకంతా ఈ పట్టు మీదే ఆధారపడి ఉంది.

ఫ్యాక్టరీలో అద్దాన్ని అల్ట్రాసోనిక్ తొట్టెల్లో కడిగి, ప్లాస్మాతో (విద్యుత్తుతో అయాన్లుగా మారిన వాయువుతో) చివరి సేంద్రియ మురికిని కాల్చేస్తారు. మంచి పనితనం కావాలంటే ముందు కొన్ని నానోమీటర్ల సిలికా పొర వేస్తారు. ఫోన్ అద్దం అల్యూమినోసిలికేటు రకం. గట్టిదనం కోసం దాన్ని కరిగిన పొటాషియం నైట్రేటులో ముంచి ఉంటారు కాబట్టి పైపొరలో సోడియం, పొటాషియం అయాన్లు ఉంటాయి. తేమ తగిలితే ఇవి క్షారంగా మారి పూత తలల పట్టును కోస్తాయి. సిలికా పొర వాటిని అడ్డుకుంటుంది, సిలనాల్స్‌ను పుష్కలంగా ఇస్తుంది. ఆ తర్వాత గాలి తీసేసిన గదిలో పూత పదార్థాన్ని వేడిచేసి ఆవిరిగా అద్దం మీదికి పంపుతారు. చవక పద్ధతిలో అయితే ఫ్లోరిన్ సాల్వెంటులో (కరిగించే ద్రవంలో) 0.1 శాతం కలిపి స్ప్రే చేసి, 120 నుంచి 150 డిగ్రీల దగ్గర అరగంట ఉడికిస్తారు. పరీక్షకు నాలుగు సున్నాల నెంబరు (అతి సన్నటి రకం) స్టీల్ ఊలును చదరపు సెంటీమీటరుకు ఒక కిలో బరువుతో వేల సార్లు రుద్దుతారు. ఆ తర్వాత కూడా నీటి స్పర్శకోణం 100 డిగ్రీల పైన ఉంటే పూత నిలబడినట్టు. కొత్తగా ఉన్నప్పుడు అది 110 నుంచి 115 దాకా ఉంటుంది.

తిరుపతిలో పూత ఎందుకు పోతుంది

మొదటి శత్రువు దుమ్ము. ఘాట్ రోడ్డు పక్కన నిలువుగా కనిపించే ఎర్రటి గోడలు క్వార్ట్జైట్ రాయి. అది అరిగి వచ్చే ఇసుకంతా క్వార్ట్జే. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలమానంలో క్వార్ట్జ్ గట్టిదనం 7. ఫోన్ అద్దం అంతకంటే కాస్త తక్కువ. చిత్తూరు వైపు గ్రానైటు కోత, పాలిషు పని జరిగే చోట్ల గాల్లో ఉండేదీ ఇదే. సెల్లును జేబులోంచి తీసి నేరుగా చొక్కాకు రుద్దితే ఆ రేణువులే గరుకు కాగితమవుతాయి. పూత తెగేది ఎక్కువగా వేలి రాపిడితో కాదు, వేలికీ అద్దానికీ మధ్య నలిగే ఈ ఇసుకతో. కాబట్టి తుడిచేముందు ఊదండి, లేదా పొడి గుడ్డతో ఒత్తకుండా విదిలించండి.

విభూతి ఇంకో మెట్టు పైన ఉంటుంది. పేడ బూడిదలో సిలికా రేణువులూ ఉంటాయి, క్షారమూ ఉంటుంది. ఒకటి రాపిడి, ఇంకొకటి తలల పట్టుకు కోత. నుదుట పెట్టుకున్న వేలితో స్క్రీను ముట్టుకుంటే వెంటనే ఏదో అయిపోదు. తడిగుడ్డతో తుడిస్తే చాలు. బూడిదతోనో టూత్‌పేస్టుతోనో గీతలు పోతాయని రుద్దడం మాత్రం పూతను చేతులారా తీసేయడమే. చాకలిసోడా, బట్టల పౌడరు, బ్లీచింగ్, అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్లు కూడా వద్దు. క్షారానికి సిలికాన్-ఆక్సిజన్ బంధం లొంగుతుంది.

ఆల్కహాల్ మీద అనవసర భయం ఎక్కువ. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఫ్లోరిన్ తోకను కరిగించదు. దానితో తడిపిన గుడ్డతో మెల్లగా తుడవొచ్చు. చేతుల శానిటైజరు మాత్రం స్క్రీనుకు పనికిరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో 80 శాతం ఇథనాల్‌తో పాటు 1.45 శాతం గ్లిజరాల్ ఉంటుంది. ఆల్కహాల్ ఆరిపోతుంది, గ్లిజరాల్ జిగటగా అద్దం మీదే మిగులుతుంది. శానిటైజరుతో తుడిచాక స్క్రీను ఇంకా మసకగా కనిపించేది అందుకే.

నెయ్యికి ఒక చిన్న కిటుకు. నెయ్యి 35 డిగ్రీల దగ్గర పూర్తిగా కరుగుతుంది. మే నెలలో తిరుపతి 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి అది నూనెలా ఉండి ఒక్క తుడుపుతో పోతుంది. ఏసీ గదిలో, డిసెంబరు ముసురులో అది పేరుకుంటుంది. పేరుకున్న దాన్ని గట్టిగా రుద్దకుండా, నోటితో రెండుసార్లు ఆవిరి ఊది, మైక్రోఫైబర్ గుడ్డతో ఒకే దిక్కుకు లాగండి. తడి కావాలంటే బోరు నీళ్లు వాడకండి. అవి ఆరాక సున్నపు మచ్చలు మిగులుతాయి. బ్యాటరీలకు అమ్మే డిస్టిల్డ్ వాటర్ చవక, అన్నిచోట్లా దొరుకుతుంది. 100 మిల్లీలీటర్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలిపితే చాలు.

మళ్లీ పూత వేయొచ్చా

వేయొచ్చు. అయితే ముందు పాత పూత ఎక్కడ పోయిందో చూడాలి. స్క్రీను మీద ఆవిరి ఊదండి. పూత ఉన్నచోట సన్నటి తెల్లటి మంచులా పట్టి చెదురుతుంది. పోయిన చోట, సాధారణంగా బొటనవేలు తిరిగే కింది సగంలో, పల్చటి నీటి పొరలా పరుచుకుంటుంది. ఇది ముఖ్యం ఎందుకంటే కొత్త పూత తలకు అద్దపు సిలనాల్స్ కావాలి. పాత పూత ఇంకా ఉన్నచోట అవి దొరకవు. అక్కడ వేసిన కొత్త పూత ఊరికే పైన పడుకుని మొదటి తుడుపుకే పోతుంది. మంచి స్క్రీను మీద "ఇంకో కోటు" వేయించడం డబ్బు దండగ.

పోయిన స్క్రీనుకు వేసేటప్పుడు సెల్లు ఆపేసి, రంధ్రాలకు టేపు వేయాలి. లిక్విడ్ కలిపిన డిస్టిల్డ్ వాటర్ తడిగుడ్డతో తుడిచి, తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో, చివర 90 శాతం పైనున్న ఐసోప్రొపైల్‌తో తుడవాలి. ఐదు నిమిషాలు ఆరనివ్వాలి. ఆ తర్వాత వేలు తగలకూడదు. ఒక్క వేలిముద్ర పడినా అక్కడ పూత అద్దానికి కాకుండా జిడ్డుకు పడుతుంది. పూత ద్రావణం 0.1 శాతానిదైతే అర మిల్లీలీటరు చాలు. అందులో దాదాపు 0.75 మిల్లీగ్రాముల పదార్థం ఉంటుంది. కావాల్సిన దానికి మూడింతలకు పైనే. ఇంకా పోస్తే మేలు జరగదు, మరకలే మిగులుతాయి. సాల్వెంటు 61 డిగ్రీలకే మరిగే రకమైతే క్షణాల్లో ఎగిరిపోతుంది కాబట్టి సగం సగంగా పోసి చకచకా పరచాలి.

తర్వాత 12 గంటలు, వీలైతే 24 గంటలు ముట్టుకోకూడదు. ఇంట్లో 120 డిగ్రీల వేడి పెట్టలేం, బ్యాటరీ పాడవుతుంది. హెయిర్ డ్రయ్యరూ వద్దు. వేడికి బదులు సమయం, తేమ కావాలి. ఎండాకాలపు మధ్యాహ్నం గాలి బాగా పొడిగా ఉంటుంది. ఆ రోజుల్లో మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సెల్లు పెట్టి, పక్కన చిన్న గిన్నెలో తడిగుడ్డ ఉంచితే సరిపోతుంది. అదే తేమ సీసాలోకి దూరితే తలలన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోయి ద్రావణం తెల్లగా విరిగిపోతుంది. తెరిచిన సీసాను నెలల తర్వాత వాడితే ఫలితం రాకపోవడానికి కారణం ఇదే. చివర పొడి మైక్రోఫైబర్‌తో మిగులును తుడిచేయాలి.

ఇలాంటి వాటిని తలుపులు మూసిన గదిలో స్ప్రే చేయకండి. అద్దంలాంటి ఉపరితలాలకు వాడే ఒక స్ప్రే కొట్టి 2006లో జర్మనీలో వందమందికి పైగా ఊపిరి ఆడక ఇబ్బంది పడ్డారు. సన్నటి తుంపరగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఇలాంటి పదార్థాలు అక్కడి పొరను దెబ్బతీస్తాయి. చుక్కలుగా వేసి గుడ్డతో పరచడమే మంచిది.

"9హెచ్ నానో లిక్విడ్" అని అమ్మే సీసాల మాట నమ్మాల్సిన పని లేదు. 9హెచ్ అనేది పెన్సిల్ గట్టిదనం. ఏ అద్దమైనా ఆ పరీక్ష గెలుస్తుంది. కొన్ని నానోమీటర్ల పొర అద్దాన్ని పగలకుండా ఆపలేదు.

నిజానికి చాలామందికి టెంపర్ గ్లాస్ మార్చుకోవడమే తక్కువ ఖర్చు. దాని మీదా పూతే ఉంటుంది. చవక రకాల్లో స్ప్రే చేసినది వారాల్లో పోతుంది, వాక్యూములో వేసినది ఎక్కువ కాలం ఉంటుంది. రెండూ కొత్తగా ఒకేలా కనిపిస్తాయి. కొనేముందు షాపులోనే పర్మనెంట్ మార్కరుతో దాని మీద ఒక గీత గీయండి. మంచి పూత మీద సిరా నిలవదు, గీత విడిపోయి చుక్కలు చుక్కలుగా ముడుచుకుంటుంది, టిష్యూతో ఒత్తకుండా పోతుంది. తర్వాత అదే చోట మైక్రోఫైబర్‌తో యాభైసార్లు గట్టిగా రుద్ది మళ్లీ గీయండి. ఈసారి గీత నిండుగా నిలిస్తే ఆ గ్లాస్ వద్దని చెప్పండి.

ఈ పూతలో ఒక పెద్ద చిక్కు మిగిలి ఉంది. కార్బన్-ఫ్లోరిన్ బంధం సేంద్రియ రసాయనంలో అతి బలమైన వాటిలో ఒకటి. ఆ బలమే పూతకు మేలు, ప్రకృతికి కీడు. మట్టిలో, నీళ్లలో ఇది విరగదు. ఇదే కుటుంబానికి చెందిన పీఎఫ్‌ఓఎస్‌ను 2009లో, పీఎఫ్‌ఓఏను 2019లో, ప్రకృతిలో విరగని హానికర రసాయనాలను కట్టడి చేసే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం పట్టికలో చేర్చారు. పెద్ద తయారీ సంస్థ 3ఎం 2025 చివరికి ఈ రకం పదార్థాల తయారీ మానేస్తామని 2022 డిసెంబరులో ప్రకటించింది. రేణిగుంట, శ్రీసిటీ చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ పెరుగుతున్న కొద్దీ కడిగిన సాల్వెంటు, మిగిలిన పూత ఎక్కడికి పోతున్నాయన్నది మన బోరు నీళ్ల ప్రశ్న కూడా అవుతుంది. బదులుగా ఫ్లోరిన్ లేని సిలికోన్ వెంట్రుకలను అద్దానికి నాటే ప్రయత్నం జరుగుతోంది. వాటి మీద నూనె కాస్త ఎక్కువ పరుచుకుంటుంది గానీ చక్కగా జారుతుంది. ఇంకా కష్టంగా ఉన్నది ఒక్కటే: స్టీల్ ఊలు కింద ఫ్లోరిన్ తోక నిలిచినన్ని రుద్దుళ్లకు నిలబడటం.